ఒకే శాస్త్రవేత్తకు మూడు రకాల సైటేషన్ లెక్కలు: పరిచయంలో ఏది రాయాలి?

లైబ్రరీ_డెస్క్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఒక పరిశోధన సంస్థ లైబ్రరీలో పనిచేస్తున్నాను. మా సీనియర్ శాస్త్రవేత్త ఒకరు త్వరలో రిటైర్ అవుతున్నారు. ఆయన పరిశోధన మీద రెండు పేజీల పరిచయం రాసే పని నాకు అప్పజెప్పారు. పేరు ఇక్కడ చెప్పను, పని మాత్రం చెబుతాను.

ఆయన మొదట సింథటిక్ ఆర్గానిక్ కెమిస్ట్రీ మనిషి. న్యూక్లియోసైడ్లలో (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలు తయారయ్యే చిన్న భాగాల్లో) చిన్న చిన్న రసాయన మార్పులు చేసి కొత్త అణువులు తయారుచేసేవారు. కెరీర్ మధ్యలో మాలిక్యులర్ బయాలజీ వైపు వచ్చేశారు. ఆర్‌ఎన్‌ఏని ప్రొటీన్లు ఎలా గుర్తుపట్టి పట్టుకుంటాయన్నది అప్పటినుంచీ ఆయన విషయం. ఈ రెండు దశలకూ మధ్య, ఆర్‌ఎన్‌ఏకి ఫ్లోరసెంట్ రంగు తగిలించే ఒక పద్ధతి మీద పేపర్ రాశారు. ఆయనకు వచ్చిన మొత్తం సైటేషన్లలో (అంటే ఇతర పేపర్లు ఆయన పేపర్లను రిఫరెన్సుగా పెట్టిన లెక్కలో) దాదాపు మూడో వంతు ఆ ఒక్క పేపర్‌వే.

సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేస్‌లు మూడు చూశాను. గూగుల్ స్కాలర్ ఆయన హెచ్-ఇండెక్స్ 52 అంటోంది, అంటే ఒక్కోదానికి కనీసం 52 సైటేషన్లు వచ్చిన పేపర్లు 52 ఉన్నాయని. స్కోపస్ 41 అంటోంది. అక్కడ ఆయన రెండు ప్రొఫైళ్లుగా విడిపోయి ఉన్నారు, ఇనిషియల్స్ ముందు వేసిన పేపర్లు ఒకచోట, వెనక వేసినవి ఇంకోచోట. 41 అన్నది వాటిలో పెద్ద ప్రొఫైల్‌ది. వెబ్ ఆఫ్ సైన్స్ 38 అంటోంది. ఒక సహోద్యోగి పెద్ద అంకె వేసెయ్యమన్నారు. ఇంకొకరు, ఆ రంగు పేపర్‌ని తీసేసి లెక్కపెట్టాలి, అది కేవలం పద్ధతి, సైన్స్ కాదు అన్నారు. మూడో ఆయన "ప్రపంచంలో టాప్ 2 శాతం శాస్త్రవేత్త" అన్న వాక్యం మొదట్లోనే ఉండాలంటున్నారు.

సరేనని సార్‌నే అడిగాను, మీకు బాగా ఇష్టమైన ఐదు పేపర్లు చెప్పండని. ఆయన చెప్పిన ఐదింటిలో ఆ రంగు పేపర్ లేనే లేదు! మొదట చెప్పింది తొలిరోజుల నాటి ఒక సింథసిస్ పేపర్. దానికి ముప్ఫై సైటేషన్లు కూడా లేవు.

ఇన్నేళ్ల పనికి న్యాయం జరగాలని నాకు గట్టిగా ఉంది. ఎలా రాయమంటారు?


డేటా_శుద్ధి:

నమస్తే అండీ. మూడు అంకెలూ వాటి వాటి లెక్క ప్రకారం సరైనవే. గూగుల్ స్కాలర్ వెబ్‌లో దొరికిన పరిశోధన రచనలన్నింటినీ పోగుచేస్తుంది. థీసిస్‌లు, ప్రీప్రింట్లు (పత్రికలో అచ్చవకముందే బయటపెట్టిన పేపర్లు), పుస్తకాల్లోని అధ్యాయాలు, సంస్థల రిపోర్టులు, అన్నీ. అందుకే అక్కడ అంకె పెద్దగా ఉంటుంది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ ప్రధానంగా తాము ఎంచుకున్న పత్రికల వరకే చూస్తాయి.

పాత పేపర్ల దగ్గర ఇంకో చిక్కుంది. వెబ్ ఆఫ్ సైన్స్‌లో మీకు కనబడే లెక్క మీ సంస్థ ఎన్నేళ్ల వెనకవరకూ చందా కట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది. స్కోపస్‌లో చాలాకాలం 1996కి ముందు వచ్చిన పేపర్ల రిఫరెన్సులు లేవు, తర్వాత 1970 వరకు వెనక్కి చేర్చుకుంటూ వెళ్లారు. మీ సార్ తొలి దశ కెమిస్ట్రీ పేపర్లు సరిగ్గా ఇలాంటి చోటే దెబ్బతింటాయి.

ముందు స్కోపస్‌లో ఆ రెండు ప్రొఫైళ్లూ కలపమని రిక్వెస్ట్ పెట్టండి. రెండింటి హెచ్-ఇండెక్స్‌లూ కూడితే కలిపిన హెచ్-ఇండెక్స్ రాదు, అన్ని పేపర్లనూ ఒక వరుసలో పెట్టి మళ్లీ లెక్కించాలి. సార్‌కి ఆర్కిడ్ నంబర్ (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేకపోతే ఇప్పుడైనా తీయించండి. గూగుల్ స్కాలర్‌లో ఒకే పేపర్ ప్రీప్రింట్‌గా ఒకసారి, పత్రికలో వచ్చినట్టు ఇంకోసారి కొన్నిసార్లు విడివిడిగా ఉంటుంది, అవీ కలపండి. అదే పేరున్న వేరే మనిషి పేపర్లు చొరబడ్డాయేమో కూడా చూడండి, ఇది మీరనుకునేదానికన్నా ఎక్కువగా జరుగుతుంది.

చివరికి ఒక్క డేటాబేస్ అంకె వేయండి. పక్కనే ఆ డేటాబేస్ పేరు, చూసిన తేదీ రాయండి. తేదీ లేని సైటేషన్ లెక్కను ఏడాది తర్వాత ఎవరూ సరిచూడలేరు.

టాప్ 2 శాతం గురించి. అది జాన్ అయోనిడిస్, ఆయన తోటివాళ్లు 2019లో ప్లాస్ బయాలజీ పత్రికలో బయటపెట్టిన డేటాబేస్, ఆ తర్వాత కొత్త ఏడాదుల లెక్కలూ విడుదల చేస్తున్నారు. స్కోపస్ డేటా మీద ఆరు సూచికలు కలిపి ఒక స్కోరు వేస్తారు. మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ మాత్రమే కాదు, సహరచయితల సంఖ్యను బట్టి సవరించిన ఇండెక్స్, ఒంటరిగా రాసినవి, మొదటి పేరుగా రాసినవి, చివరి పేరుగా రాసినవి కూడా అందులోకి వస్తాయి. సొంత సైటేషన్లు (తన పేపర్లను తానే సైట్ చేసుకున్నవి) కలిపి ఒక లెక్క, తీసేసి ఇంకో లెక్క ఇస్తారు. మొత్తం కెరీర్‌కి ఒక జాబితా, ఒక్క ఏడాదికి వేరే జాబితా. ఇది ఏ విశ్వవిద్యాలయమూ ఇచ్చే అవార్డు కాదు. రాయాలనుకుంటే ఏ ఏడాది విడుదల, ఏ జాబితా, ఏ ఉపవిభాగం అన్నవి చెప్పి, లోపల ఎక్కడైనా ఒక వాక్యంగా పెట్టండి. మొదటి వాక్యంగా వద్దు.


కూమాసీ_నీలం:

నేను ప్రొటీన్ బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి జెల్స్ నడిపినదాన్ని. ఇప్పుడు ప్రమోషన్లు, అవార్డుల కమిటీల్లో కూర్చుని ఫైళ్లు చదువుతుంటాను. సైటేషన్లు లెక్కపెట్టేవాళ్లు చాలామంది, వాటిని తెరిచి చదివేవాళ్లు తక్కువ. మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని నా నమ్మకం, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మొదట ఆ "కేవలం పద్ధతి" అన్న మాట సంగతి. 2014లో నేచర్ పత్రిక వెబ్ ఆఫ్ సైన్స్ డేటాతో అప్పటివరకూ అత్యధికంగా సైట్ అయిన 100 పేపర్ల జాబితా వేసింది. అందులో మొదటి పదీ మన రెండు రంగాలవే. అన్నిటికన్నా పైన ఆలివర్ లౌరీ 1951లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో రాసిన ప్రొటీన్ కొలిచే పద్ధతి, మూడు లక్షలకు పైగా సైటేషన్లు. తర్వాత జెల్ మీద ప్రొటీన్లను విడదీసే పద్ధతి ఉన్న లెమ్లీ 1970, ఆ తర్వాత ప్రొటీన్ కొలిచే ఇంకో పద్ధతి, బ్రాడ్‌ఫోర్డ్ 1976. సాంగర్ 1977 డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ నాలుగోది. ఆర్‌ఎన్‌ఏ వేరుచేసే పద్ధతి, ప్రొటీన్ బ్లాటింగ్, కొవ్వులు తీసే పద్ధతి, సీక్వెన్సులు పోల్చే క్లస్టల్ డబ్ల్యూ, క్వాంటమ్ కెమిస్ట్రీ లెక్కల్లో వాడే రెండు పేపర్లు మిగతావి. వాట్సన్, క్రిక్‌ల 1953 డబుల్ హెలిక్స్ పేపర్ ఆ వందలో లేదు! వందలో చోటు దొరకాలంటే అప్పటికే 12 వేల పైచిలుకు సైటేషన్లు కావాలి.

దీన్నిబట్టి డబుల్ హెలిక్స్ చిన్నదని ఎవరూ అనరు. లౌరీ పేపర్ చిన్నదనీ అనకూడదు. పొద్దున ల్యాబ్‌కి వచ్చి ట్యూబులో ఎంత ప్రొటీన్ ఉందో తెలియకపోతే మిగతా రోజంతా వృథా. ఆ బాధ తెలిసినవాళ్లకు పద్ధతి విలువ వేరే చెప్పక్కర్లేదు. అయితే లౌరీ మనసు మాత్రం ఇంకోచోట ఉంది. మెదడు కణజాలంలో అతి చిన్న ముక్కల్లో, చివరికి ఒక్కో కణంలో ఎంజైములను కొలవడం ఆయన జీవితకాలపు పని. 1951 పేపర్ గొప్ప పేపరేమీ కాదని తనకు తెలుసనీ, అయినా దానికొచ్చిన స్పందన చూస్తే లోలోపల సంతోషంగానే ఉంటుందనీ 1977లో ఆయనే రాశారు. మీ సార్ తన జాబితాలో రంగు పేపర్ చెప్పకపోవడం నాకు అందుకే వింతగా అనిపించలేదు. ఆయన చెప్పిన ఐదూ ఒక సమాచారం, లోకం ఎంచుకున్న ఒకటి ఇంకో సమాచారం. మీ వ్యాసంలో రెండూ ఉండాలి.

ఇప్పుడు అసలు పని. రంగు పేపర్‌ని సైట్ చేసిన పేపర్ల జాబితా తెరవండి. సంవత్సరాల వారీగా పేర్చి, ఒక్కో కాలం నుంచి కొన్ని తీసుకోండి. ప్రతి దాంట్లో సార్ పేరు వెతికి, ఆ వాక్యం, దాని ముందు వెనక వాక్యాలు చదవండి. మూడు రకాల చోట్ల కనబడుతుంది. ఒకటి, పద్ధతుల విభాగంలో, "ఇదివరకు వివరించిన విధంగా చేశాం" అని. అంటే ఆ ల్యాబ్ నిజంగా వాడింది. రెండు, ఉపోద్ఘాతంలో పది రిఫరెన్సుల గుంపులో ఒకటిగా. దాని బరువు తక్కువ, చాలాసార్లు చదవకుండానే పెడతారు. మూడు, ఫలితాలు చర్చించేటప్పుడు. వీళ్ల ఫలితం సార్ ఫలితంతో కలిసిందనో, కలవలేదనో, ఎందుకనో అక్కడ ఉంటుంది. ఈ మూడో రకం పది దొరికినా చాలు, మీ వ్యాసానికి ప్రాణం వస్తుంది.

ఇలా చదివితే మొత్తం అంకెలో ఎప్పుడూ కనబడనివి బయటపడతాయి. లెమ్లీ పేపర్‌నే చూడండి. దాని శీర్షిక టీ4 అనే బాక్టీరియోఫేజ్ (బాక్టీరియాకు సోకే వైరస్) తల ఎలా కూడుకుంటుందో, ఆ క్రమంలో దాని ప్రొటీన్లు ఎలా తెగుతాయో అన్న దాని మీద. రెండు లక్షలకు పైగా పేపర్లు దాన్ని సైట్ చేశాయి. వాటిలో ఫేజ్ తల కోసం చేసినవి ఏపాటి? అందరికీ కావలసింది అందులోని జెల్. నేను కూడా ఆ పేపర్‌ని ఎన్నోసార్లు రిఫరెన్సుల్లో పెట్టాను, ప్రతిసారీ జెల్ కోసమే.

ఇక రెండు దశలనూ కలిపేసి ఒకే అంకె చెప్పడం. అది వద్దండీ. మాలిక్యులర్ బయాలజీలో పేపర్లు ఎక్కువ, ఒక్కో పేపర్ చివర రిఫరెన్సుల జాబితా పొడుగు, కాబట్టి సైటేషన్లు త్వరగా వచ్చిపడతాయి. ఒక న్యూక్లియోసైడ్‌ని పన్నెండు మెట్లలో తయారుచేసిన సింథసిస్ పేపర్‌ని మళ్లీ ఆ అణువో, ఆ రియాక్షనో అవసరమైనవాళ్లే సైట్ చేస్తారు. ఆ సంఖ్య సహజంగానే చిన్నది. హెచ్-ఇండెక్స్‌ని ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ 2005 పేపర్‌లోనే రంగాల మధ్య ఇలాంటి తేడా కనబడుతుంది. ఆయన లెక్కలో భౌతికశాస్త్రంలో అందరికన్నా పైనున్న ఎడ్వర్డ్ విట్టెన్‌కి 110. జీవశాస్త్రంలో సోలమన్ స్నైడర్‌కి 191. విట్టెన్ కన్నా స్నైడర్ అంత గొప్ప అని దాని అర్థం కాదు, రెండు రంగాల సైటేషన్ అలవాట్లు వేరు, అంతే.

పోల్చక తప్పదంటే, అదే రంగంలో అదే ఏడాది వచ్చిన అదే రకం పేపర్లతో పోల్చే సూచికలున్నాయి. స్కోపస్ ఇచ్చేదాంట్లో 1 అంటే ప్రపంచ సగటు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వాళ్ల ఐసైట్ కూడా అలాంటిదే, కాకపోతే అది పబ్‌మెడ్‌లో (వైద్య, జీవశాస్త్ర పేపర్ల సూచికలో) ఉన్న పేపర్లకే దొరుకుతుంది, కెమిస్ట్రీ పత్రికలు కొన్ని అందులో ఉండవు. ఒక్కో దశకు ఒక్కోటి చొప్పున రెండు వాక్యాలు చాలు.

ఒక మనిషిని తలుచుకోకుండా ఈ విషయం ముగించలేను. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతోనే నడుస్తోంది, దశాబ్దాల తరబడి బయోకెమిస్టులు దాన్ని సైట్ చేశారు. అదే కొలతను ఆసరా చేసుకుని వాళ్లిద్దరూ కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని కనుక్కున్నారు, 1929లో కణాలకు శక్తినిచ్చే అణువు ఏటీపీ మీద రాశారు. ఇవాళ ఏటీపీ అని రాసే ఏ పేపరైనా కింద 1929 రిఫరెన్స్ పెడుతుందా? పెట్టదు. అది అందరి జ్ఞానంలో కలిసిపోయింది, సైటేషన్ ఆగిపోయింది. తర్వాత 1940లో ఆయన లెడర్లీ కంపెనీకి వెళ్లారు. ఆయన నడిపిన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందుతోనే సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల లుకేమియాలో (రక్త క్యాన్సర్‌లో) తాత్కాలికంగానైనా వ్యాధి వెనక్కి తగ్గడం చూపించారు. సుబ్బారావు గారి పేరు మీది సైటేషన్లు కూడితే ఆ పిల్లలు ఆ కూడికలో ఎక్కడా కనబడరు.


స్ఫటిక_మిత్ర:

కూమాసీ గారు చెప్పినదానికి ఒకటి జోడిస్తాను. మీరు పేపర్లే చూస్తున్నారు. ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్ల మీద పనిచేసినవారంటున్నారు కాబట్టి ప్రొటీన్ల లాంటి అణువుల త్రిమితీయ నిర్మాణాలు దాచే ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో ఆయన పేరు వెతికారా? అది 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైంది. ఇప్పుడు నిర్మాణం తేల్చిన ప్రతివాళ్లూ కోఆర్డినేట్లు (ఏ పరమాణువు ఎక్కడుందో చెప్పే అంకెలు) అక్కడ పెట్టాల్సిందే, లేకపోతే మంచి పత్రికలు పేపర్ తీసుకోవు. ప్రతి నిర్మాణానికీ ఒక కోడ్ ఉంటుంది. మందులు డిజైన్ చేసేవాళ్లు, కంప్యూటర్ మోడల్స్ చేసేవాళ్లు ఆ నిర్మాణాన్ని వాడుకుని చాలాసార్లు కోడ్ మాత్రమే రాసి వదిలేస్తారు, అసలు పేపర్‌ని సైట్ చేయరు. ఆ వాడకం ఏ హెచ్-ఇండెక్స్‌లోకీ రాదు. కోడ్‌నే గూగుల్ స్కాలర్‌లో వెతకండి, ఎవరెవరు వాడారో తెలుస్తుంది.

తొలి దశ కెమిస్ట్రీకి అదే పని కేంబ్రిడ్జ్ స్ట్రక్చరల్ డేటాబేస్‌లో చేయండి. చిన్న అణువుల క్రిస్టల్ నిర్మాణాలు 1965 నుంచీ అక్కడ చేరుతున్నాయి. ప్లాస్మిడ్లు (ల్యాబుల్లో జన్యువులను మోసే గుండ్రటి డీఎన్‌ఏ ముక్కలు) వాటిని పంచే ఆడ్‌జీన్ సంస్థలో పెట్టి ఉంటే ఎవరైనా తెప్పించుకోవచ్చు, ఆ వివరం కూడా అడగండి. నేను ఇతరుల ప్లాస్మిడ్లతో, ఇతరుల కోఆర్డినేట్లతో నా థీసిస్ సగం పూర్తిచేశాను. వాళ్లకు నేను ఎంత రుణపడ్డానో ఒక్క రిఫరెన్స్ నంబర్ చెప్పదు.

ఇంకో మాట. ఏ పత్రికలో వేశారో చెప్పి దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ పత్రికలోని ఒక్కో పేపర్‌కి సగటున వచ్చే సైటేషన్లు) పక్కన పెట్టే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి అది చేయకండి. మా రంగం సంగతే చెబుతాను. జార్జ్ షెల్‌డ్రిక్ 2008లో ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఏ పత్రికలో క్రిస్టల్ డేటా నుంచి అణువు నిర్మాణం తేల్చే షెల్‌ఎక్స్ ప్రోగ్రాముల చరిత్ర రాశారు. ఈ ప్రోగ్రాములు వాడేవాళ్లు ఈ పేపర్‌ని సైట్ చేయవచ్చని అందులోనే ఉంది. క్రిస్టలోగ్రఫీ చేసే కెమిస్టులందరూ చేశారు. సుమారు 2 ఉండే ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మరుసటి ఏడాది 49 దాటింది! షెల్‌డ్రిక్ గారి ప్రోగ్రాములకు ఆ గౌరవం పూర్తిగా దక్కాల్సిందే, నేను రోజూ వాడతాను. కానీ అదే పత్రికలో ఆ ఏడాది వచ్చిన మిగతా పేపర్లు రాత్రికి రాత్రి ఇరవై రెట్లు గొప్పవైపోలేదు కదా.


రెండో_ఏడాది:

నేను పీహెచ్‌డీ విద్యార్థిని. ఇవన్నీ చదువుతుంటే బాగుంది గానీ నాకు టెన్షన్ కూడా వస్తోంది. రిటైర్ అయ్యే శాస్త్రవేత్త గురించి తీరిగ్గా చదివి రాస్తారు సరే. పోస్ట్‌డాక్‌కి అప్లై చేసేటప్పుడు మా ఫైళ్లు ఎవరు ఇంత చదువుతారు మేడమ్? వందల దరఖాస్తులుంటే అంకె చూసే కదా వడపోస్తారు? మా సీనియర్లు హెచ్-ఇండెక్స్ పెంచుకోవడానికి రివ్యూ పేపర్లు (ఇతరుల పనిని సమీక్షించేవి) రాయమంటున్నారు.


కూమాసీ_నీలం:

అంకె చూసి వడపోసే కమిటీలు ఉన్నాయి, లేవని చెప్పను. ఆ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించేవాళ్లలో నేనూ ఒకదాన్ని. 2012 డిసెంబర్‌లో అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ సమావేశాల్లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో, కొందరు సంపాదకులూ శాస్త్రవేత్తలూ కూర్చుని డోరా అనే ప్రకటన తయారుచేశారు. మనుషుల నియామకాల్లో, ప్రమోషన్లలో పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని కొలబద్దగా వాడొద్దన్నది దాని ముఖ్యమైన మాట. 2015లో లైడెన్ మ్యానిఫెస్టో పది సూత్రాలతో వచ్చింది, అంకెలు నిపుణుల తీర్పుకు సాయపడాలే గానీ దాని స్థానంలో కూర్చోకూడదన్నది మొదటి సూత్రం. వీటికి ఒప్పుకుని సంతకాలు పెట్టిన సంస్థలు బాగానే ఉన్నాయి. మీరు అప్లై చేసే చోటు ఆ జాబితాలో ఉందేమో చూడండి, ఉంటే మీ కవరింగ్ లెటర్ ఇంకొంచెం ధైర్యంగా రాయొచ్చు.

హెచ్-ఇండెక్స్ పూర్తిగా పనికిరానిదని కూడా నేను అనను. ఒకే రంగంలో, ఒకే వయసు కెరీర్ ఉన్నవాళ్లలో, ఒక్క పేపర్ అదృష్టం మీద కాకుండా నిలకడగా పనిచేస్తున్నది ఎవరో అది కొంతవరకు చెబుతుంది. ఒకే ఒక్క అంకె ఒక మనిషి పనికి ఉజ్జాయింపుకు మించి ఏమీ చెప్పలేదని హిర్షే తన పేపర్‌లో రాశారు. దాని గుణమే దాని లోపం కూడా. లైబ్రరీ డెస్క్ గారి సార్ రంగు పేపర్‌కి 60 సైటేషన్లు వచ్చినా, 6,000 వచ్చినా హెచ్-ఇండెక్స్‌లో దాని వాటా ఒకటే. పైగా ఆ అంకె ఎప్పటికీ తగ్గదు, పని మానేసినా పెరగొచ్చు. రెండో ఏడాదిలో ఉన్న మీ విషయంలో అది ఏమీ చెప్పదు, చెప్పలేదు. సైటేషన్లు పోగవడానికి కాలమే గడవలేదు.

కాలం సంగతి వచ్చింది కాబట్టి. 1987లో ఇషినో, ఆయన తోటివాళ్లు ఈ.కోలైలో ఒక వింత డీఎన్‌ఏ వరుస మళ్లీ మళ్లీ రావడం చూసి జర్నల్ ఆఫ్ బ్యాక్టీరియాలజీలో రాశారు. ఇప్పుడు క్రిస్పర్ అంటున్నది అదే, కానీ అదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. ఫ్రాన్సిస్కో మోహికా ఆ వరుసల మధ్యనున్న ముక్కలు వైరస్‌ల నుంచి వచ్చాయనీ, అది బాక్టీరియా రక్షణ వ్యవస్థ కావచ్చనీ గుర్తిస్తే, పేరున్న పత్రికలు తిప్పిపంపాయి. చివరికి 2005లో జర్నల్ ఆఫ్ మాలిక్యులర్ ఎవల్యూషన్‌లో వచ్చింది. 2012లో దాన్ని డీఎన్‌ఏ కత్తిరించే పనిముట్టుగా చూపిన డౌడ్నా, షార్పెంటియేల పేపర్, 2020లో వాళ్లిద్దరికీ కెమిస్ట్రీ నోబెల్. 2000 సంవత్సరంలో కూర్చుని 1987 పేపర్‌ని సైటేషన్లతో తూచి ఉంటే ఏం తేలేది? కెమిస్ట్రీలోనూ అంతే. హమ్మర్స్, ఆఫెమన్ 1958లో గ్రాఫైట్ ఆక్సైడ్ తయారుచేసే పద్ధతి రాశారు. 2004లో గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర) వచ్చాక గానీ లోకం దాని వైపు మళ్లలేదు.

రివ్యూ పేపర్లు రాయొద్దని చెప్పను. ఒక విషయాన్ని నిజంగా జీర్ణించుకున్నాక రాసిన మంచి రివ్యూ రంగానికి పెద్ద సాయం. కానీ సైటేషన్ల కోసమే రాస్తే, ఆ నెలల్లో చేయాల్సిన ప్రయోగం పోతుంది, మీ వయసులో అది పెద్ద నష్టం. దానికన్నా మీ సీవీలో ప్రతి పేపర్ కింద రెండు లైన్లు పెట్టండి. ఇందులో నేను చేసింది ఇది, దీనివల్ల తేలింది ఇది అని. నేను ఫైల్ తెరవగానే ముందు వెతికేది ఆ రెండు లైన్లనే.


లైబ్రరీ_డెస్క్:

అందరికీ చాలా కృతజ్ఞతలు. స్కోపస్ వాళ్లు ప్రొఫైళ్లు కలిపారు, 43 వచ్చింది. తేదీతో సహా అదొక్కటే వేస్తున్నాను.

కూమాసీ గారూ, మీరు చెప్పినట్టు సైట్ చేసిన పేపర్లు తెరిచి చదివాను. రంగు పేపర్‌ని మొక్కల వైరస్‌ల మీద పనిచేసేవాళ్లు వాడారు, బాక్టీరియా రైబోస్విచ్‌ల (జన్యువులను ఆన్, ఆఫ్ చేసే ఆర్‌ఎన్‌ఏ ముక్కల) మీద పనిచేసేవాళ్లు వాడారు, ఎక్కువమంది పద్ధతుల విభాగంలోనే. కొందరు మాత్రం, ఈ రంగు ఆర్‌ఎన్‌ఏ మడతను మార్చదు కాబట్టే మా ఫలితాన్ని నమ్మగలుగుతున్నాం అని స్పష్టంగా రాశారు. ఎందుకు మార్చదు అని వెనక్కి వెళ్లాను. రంగు పేపర్‌లోని రిఫరెన్సుల్లో సార్ పాత సింథసిస్ పేపర్ ఉంది! రంగును తగిలించే ఆ కొక్కెం లాంటి భాగాన్ని న్యూక్లియోసైడ్‌లో ఏ కార్బన్ దగ్గర పెడితే మిగతా అణువుకు అడ్డు రాదో, ఆ పని జరిగింది అక్కడ. సార్ తన జాబితాలో దాన్నే ముందు ఎందుకు చెప్పారో అప్పుడర్థమైంది. రంగు వాడిన వందలమంది రంగు పేపర్‌నే సైట్ చేశారు, దాని వెనకున్న పేపర్ దాకా ఎవరూ రాలేదు.

ఇంకొక్క సందేహం. ఆ సింథసిస్ పేపర్‌లో సార్ పేరు చివర ఉంది, మొదటి పేరు అప్పటి ఒక విద్యార్థినిది. రంగు పేపర్‌లో సార్‌ది మధ్యలో ఎక్కడో ఉంది, కానీ నక్షత్రం గుర్తు ఆయన పేరు మీదే ఉంది. ఎవరి పని అని రాయాలి?


కూమాసీ_నీలం:

మీరు కనుక్కున్నది చాలా విలువైనదండీ, వ్యాసంలో మొదటి పేరాలోనే రాయండి.

పేర్ల సంగతి. ఈ రెండు రంగాల్లోనూ మొదటి పేరు సాధారణంగా బెంచి దగ్గర నిలబడి పని చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపినవాళ్లది. నక్షత్రం అంటే ఉత్తరప్రత్యుత్తరాల బాధ్యత, చాలాసార్లు ఆ పని ఆలోచన కూడా వాళ్లదే. కానీ గుర్తులు పూర్తి కథ చెప్పవు. డీఎన్‌ఏని లెక్కలేనన్ని కాపీలు చేసే పీసీఆర్ పద్ధతి మీద 1985లో సైన్స్‌లో వచ్చిన పేపర్‌కి మొదటి పేరు రాండల్ సైకీది, కేరీ మల్లిస్ మధ్యలో ఉన్నారు. పీసీఆర్ గురించి మల్లిస్ మొదటి రచయితగా రాసిన పేపర్‌ని నేచర్, సైన్స్ రెండూ తీసుకోలేదు, 1987లో మెథడ్స్ ఇన్ ఎంజైమాలజీలో వచ్చింది. 1993లో కెమిస్ట్రీ నోబెల్ మల్లిస్‌కి వచ్చింది. సైకీ, ఆయన తోటివాళ్లు దాన్ని నిజంగా పనిచేసే పద్ధతిగా నిలబెట్టిన సంగతి పేర్ల వరుస చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.

ఇప్పుడు చాలా పత్రికలు ఎవరు ఏం చేశారో పేపర్ చివర విడిగా వేస్తున్నాయి, ప్రయోగం ఎవరు, విశ్లేషణ ఎవరు, రాసింది ఎవరు అని పద్నాలుగు రకాల పాత్రలతో. మీ సార్ పాత పేపర్లలో అది ఉండదు. కాబట్టి మళ్లీ సార్ దగ్గరికే వెళ్లండి. ఆ సింథసిస్‌లో ఏ మెట్టు దగ్గర ఇబ్బంది వచ్చింది, దాన్ని ఎవరు దాటించారు అని అడగండి. కెమిస్టులు అలాంటివి మర్చిపోరు. ఆ విద్యార్థిని చేసినదైతే ఆమె పేరు పెట్టి రాయండి, సార్ చెప్పారని రాయండి. వీలైతే అచ్చుకు పంపేముందు ఆ పేరా ఆమెకు కూడా చూపించండి.